నేలమాళిగలో రైలుబండి

పిల్లలూ! మీలో రైలుబండి అంటే ఇష్టం లేనివారు ఎవరైనా ఉన్నారా? ఉండరు. నాకు డెబ్బై రెండేళ్లు నిండాయి గాని, దూరాన కూత వినబడితే ఇప్పటికీ చేతిలో పని ఆపి చెవి ఒగ్గుతాను.

అయితే ఇప్పుడు మీకు చెప్పబోయేది రైలు కథ కాదు. బొమ్మ రైలు పెట్టడానికి ఒక గదిని సిద్ధం చేసిన కథ. "గదిని సిద్ధం చేయడంలో కథేముంది? ఊడ్చి, బల్ల వేస్తే సరి!" అంటారేమో. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. అలా అనుకోబట్టే ఒక కుర్రవాడి ఏడాది కష్టాన్ని నీళ్లపాలు చేశాను. ఆ సంగతి దాచకుండా చెబుతాను, వినండి.

మాది విశాఖపట్నం. మా ఊళ్లో చాలా ఇళ్లు మెట్టల వాలు మీద ఉంటాయి. మా తాతగారు 1934లో కట్టించిన ఇల్లు కూడా అటువంటిదే. వీధివైపు నుంచి చూస్తే ఒకటే అంతస్తు. పక్క సందులోంచి కిందికి దిగితే, ఇంటి అడుగున ఇంకొక గది కనబడుతుంది. దాని మూడు గోడలకు వెలుతురు తగులుతుంది. నాలుగో గోడ మాత్రం నేలలో కూరుకుని ఉంటుంది. ఆ గోడకు అవతల మనిషెత్తు మట్టి, దాని పైన మా ముంగిలి. ఈ గదినే మేము నేలమాళిగ అంటాము. పొడవు 14 అడుగులు, వెడల్పు 11 అడుగులు, ఎత్తు ఏడున్నర అడుగులు.

మా బామ్మ ఆ గదిలో కట్టెలు, విరిగిన మంచాలు వేయించేది గాని, చింతపండు కుండ గాని, పచ్చడి జాడీ గాని పెట్టనిచ్చేది కాదు. "ఆ గోడ నీళ్లు తాగుతుందిరా" అనేది. గోడ నీళ్లు తాగడమేమిటని మేము నవ్వేవాళ్లం.

మా తమ్ముడు రైల్వేలో గార్డుగా పనిచేశాడు. (ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రెయిన్ మేనేజరు అంటున్నారు.) వాడు చాలా కాలం కొత్తవలస నుంచి కిరందుల్‌కు పోయే దారిలో తిరిగాడు. మీలో అరకు వెళ్లినవారు ఆ దారి చూసే ఉంటారు. బైలదిల్లా కొండల్లోని ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960ల్లో కొండలు తొలిచి వేసిన దారి అది. అందులో 50కి పైగా సొరంగాలు ఉన్నాయి. శిమిలిగుడ అనే చిన్న స్టేషను సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అన్నిటికన్న ఎత్తయినదని దానికి చాలా ఏళ్లు పేరు ఉండేది. 2008లో కాశ్మీరు లోయలో రైళ్లు నడవడం మొదలయ్యాక ఆ పేరు అటు వెళ్లిపోయింది.

నేలమాళిగలో ఆ దారిని బొమ్మగా కట్టాలని మా తమ్ముడికి కోరిక. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, కొన్ని పట్టాలు కొని దాచుకున్నాడు కూడాను. రిటైరయ్యాక కడతానన్నాడు. రిటైరైన ఏడే పోయాడు.

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. అప్పుడు తమ్ముడి కూతురు తన కొడుకును మా ఇంట్లో ఉంచింది. వాడికి తొమ్మిదేళ్లు. నన్ను "పెద్ద తాతయ్యా" అని పిలుస్తాడు. ఒకనాడు బీరువా మీది అట్టపెట్టె దించి, "ఈ రైలు ఎవరిది?" అని అడిగాడు. చెప్పాను. మర్నాటి నుంచి వాడు ఆ పని పట్టుకున్నాడు. తాతయ్య శిమిలిగుడ ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి మా ఇంట్లో ఉన్నది. దాన్ని ఎదురుగా పెట్టుకుని, పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి, స్టేషను కట్టాడు. కిటికీలు, పెంకులు, బల్లలు, చివరికి పసుపుపచ్చని పేరు పలక కూడా చేశాడు. మొదట చేసినది వంకరపోతే పారేసి రెండోది చేశాడు. ఇంచుమించు ఏడాది పట్టింది.

"ఇక రైలు పరచడానికి గది కావాలి" అన్నాడు.

"నేలమాళిగ ఉన్నది కదా!" అన్నాను నేను.

పిల్లలూ, ఇక్కడే నా తప్పు మొదలయింది. గోడకు కింది భాగాన చెమ్మ మరకలు ఉన్నాయి. అక్కడక్కడ తెల్లని ఉప్పులాటి పొడి రాలుతున్నది. రంగుల దుకాణంలో చూపిస్తే, "పాత సున్నం గీకేసి సిమెంటు పూసి, పైన ఈ రంగు రెండు పూతలు వేయించండి. చుక్క నీరు రాదు" అన్నారు. అలాగే చేయించాను. 2021 ఫిబ్రవరి నాటికి గది అద్దంలా మెరిసింది. బల్ల వేశాము. పట్టాలు పరిచాము. శిమిలిగుడ స్టేషనును సరిగ్గా ఆ నాలుగో గోడకు ఆనించి పెట్టాము. రైలు గిరగిరా తిరిగింది. వాడి సంతోషానికి మేర లేదు.

సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రీ మర్నాడూ విశాఖలో కుండపోత. వీధులు ఏరులయ్యాయి. మూడో రోజున వాన తెరిపి ఇస్తే నేలమాళిగ తలుపు తీశాము. మెరిసే రంగు బొబ్బలెక్కి, పెచ్చులు పెచ్చులుగా ఊడి ఉన్నది. వెనుక నుంచి నీరు జారి బల్ల నానిపోయింది. చెక్క ఉబ్బి, పట్టాలు పాములా మెలికపడ్డాయి. అట్టతో కట్టిన శిమిలిగుడ నీళ్లలో నానిన అప్పడంలా వాలిపోయింది.

వాడు ఏడవలేదు. పేరు పలక ఒక్కటి ఏరుకుని పైకి వెళ్లిపోయాడు. ఆ తరువాత చాలా రోజులు కిందికి దిగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా అంత బాధపడేవాణ్ని కాదు.

మా సందు చివర రైల్వేలో గ్యాంగుమన్‌గా చేసి రిటైరయిన పెద్దాయన ఒకడున్నాడు. మా తమ్ముణ్ని బాగా ఎరుగును. సంగతి విని వచ్చాడు. గదిలోకి రాకుండా ముందు ముంగిలి అంతా కలయ తిరిగాడు. మేడ మీది వాననీటి గొట్టం ఎక్కడ పడుతున్నదో చూశాడు. గునపం అడిగి, నా గులాబి పాదుల్లో నాలుగు చోట్ల గుచ్చాడు. తరువాత నావైపు తిరిగి ఇలా అన్నాడు:

"ఏటి మేస్టారూ! ఇక్కడ కాలవుండాలి, ఏదీ?"

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. మా తాతగారి రోజుల్లో గోడ వెంబడి ఒక రాతి కాలువ ఉండేది. మేము చిన్నప్పుడు అందులో కాగితపు పడవలు వదిలేవాళ్లం. 1998లో నేను పూలమొక్కల కోసం మట్టి పోయించి, దాన్ని పూడ్చేశాను. మేడ మీది గొట్టం కూడా ఒకప్పుడు ఆ కాలువలోకే పడేది. ఇప్పుడది తిన్నగా గోడ మొదట్లో పడుతున్నది.

"రైలుకట్ట కింద కంకరెందుకు ఏస్తారండీ? బరువు మొయ్యడానికొకటీ, నీరు నిలవకుండా జారిపోడానికొకటీ. కొండని కోసి దారేసిన చోట, కోతకి పైనే ముందొక కాలవ తవ్వుతాం. పైనీరు పైనే పట్టి పక్కకి తోలీడానికి. కొండకి కట్టిన గోడకేమో కన్నాలుంచుతాం, ఎనకాలున్న నీరు బయటికొచ్చీడానికి. నీటికి దారి మూసీసి గోడని తిడితే ఎలాగ? గార్డుబాబు ఉంటే ఈ మాట ఆయనే చెప్పును."

పిల్లలూ, నేను ముప్పై ఏళ్లు బడిలో సైన్సు పాఠం చెప్పినవాణ్ని. దీపపు వత్తిలో నూనె పైకి ఎలా ఎక్కుతుంది, గాజు కేశనాళికలో నీరు ఎలా ఎగబాకుతుంది అని ఎన్ని వందల మందికి చెప్పానో! ఇటుకలోను, సున్నంలోను కూడా కంటికి కనబడని కేశనాళికలు వేనవేలు ఉంటాయి. గోడ అంటే నిలబెట్టిన వత్తి అన్నమాట. వెనుక నీరుంటే అది పీలుస్తుంది. ముందు గాలి తగిలితే వదిలేస్తుంది. నీరు ఆవిరైపోయిన చోట, అందులో కరిగి వచ్చిన ఉప్పు మిగిలిపోయి పువ్వులాగ పూస్తుంది. పాత సున్నపు గోడ ఇలా తాగుతూ, వదులుతూ తొంభై ఏళ్లు నిలిచింది. నేను దాని ముఖాన సిమెంటూ, రంగూ దట్టించి నోరు మూసేశాను. నీరు ఆగిందా? ఆగలేదు. వెనుకే నిలిచి, ఇంకా పైకి ఎక్కి, ఉప్పు బలంతో రంగును పొక్కించింది. బామ్మ చెప్పిన మాట నేను పాఠంలో చెప్పినదే. మాట వేరు, సంగతి ఒకటే.

ఆ రాత్రి మనవడి దగ్గర కూర్చుని, "తప్పు గోడది కాదు, తుఫానుది కాదు. కాలువ పూడ్చిందీ నేనే, అడగకుండా రంగు వేయించిందీ నేనే" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "అయితే కాలువ మళ్లీ తవ్వుదామా?" అన్నాడు. అంతే. మళ్లీ కలిసి మొదలుపెట్టాము.

మొదట ముంగిలిలో కాలువ. గులాబులు కుండీల్లోకి మారాయి. గోడ వెంబడి తవ్వగా, పాత రాతి కాలువ చెక్కుచెదరకుండా బయటపడింది. అక్కడక్కడ వాలు తప్పితే మేస్త్రి రసమట్టం పెట్టి సరిచేశాడు. దాని అంచున, గోడ వైపు మట్టి తీసి కంకర నింపాము. మేడ మీది గొట్టాన్ని ఆ కాలువలోకి తిప్పాము. తరువాత లోపలి సిమెంటూ, రంగూ అంతా చెక్కించేశాము. గోడ ఇటుకలు బయటపడి, దెబ్బ తగిలిన మోకాలిలా కనబడింది.

"ఇప్పుడు చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు మనవడు. దానికొక సులభమైన పరీక్ష ఉన్నది. మీరు కూడా చేయవచ్చు. మందమైన ప్లాస్టిక్ కాగితం అడుగు చదరం ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ అంటుకునే టేపుతో మూసేయాలి. రెండు రోజులు ఆగి చూడాలి. కాగితానికి వెనుక, అంటే గోడ వైపున నీటి బిందువులు ఉంటే, చెమ్మ గోడలోంచి వస్తున్నదన్నమాట. మన వైపున బిందువులు ఉంటే, అది గదిలోని గాలిలోంచి వచ్చింది. మేము మూడు చోట్ల అతికించాము. నేల మీది కాగితం పొడిగానే ఉన్నది. నాలుగో గోడ మీది దానికి వెనుకవైపు బిందువులు. పక్క గోడ మీది దానికి మాత్రం ముందువైపున బిందువులు! అంటే మాకు శత్రువులు ఇద్దరు. ఒకడు మట్టిలోని నీరు. వాడికి కాలువ తవ్వాము. రెండోవాడు గాలిలోని నీరు.

గాలిలో నీరేమిటి అంటారా? వేసవిలో చల్లని నీళ్ల చెంబు బయట పెడితే దానికి చెమటలు పడతాయి కదా! చెంబు కారడం లేదు. గాలిలోని ఆవిరే చల్లని చెంబు తగిలి నీరవుతున్నది. మట్టిని ఆనుకున్న గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అంటే నేలమాళిగ ఒక పెద్ద చెంబు వంటిది. సముద్రం మీది చెమ్మగాలిని అందులోకి రానిస్తే గోడలకు చెమటలు పడతాయి. "గాలి ఆడితే ఆరిపోతుంది" అని నేను వానాకాలమంతా కిటికీలు బార్లా తెరిచి ఉంచేవాణ్ని! అది కూడా తప్పే.

మరి కిటికీ ఎప్పుడు తెరవాలి? ఇందుకు నేనూ మనవడూ కలిసి ఒక ఉపాయం పన్నాము. ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి రాత్రి నేలమాళిగలో, గోడ దగ్గర ఉంచుతాము. తెల్లవారేసరికి నీళ్లూ గ్లాసూ కూడా ఇంచుమించు గోడంత చల్లబడతాయి. పొద్దున గ్లాసును తుడిచి ముంగిలిలోకి తెచ్చి, నాలుగైదు నిమిషాలు చూస్తాము. గ్లాసుకు చెమట పట్టిందా, బయటి గాలి లోపలికి పోతే గోడకూ పడుతుంది. ఆ రోజు కిటికీలు మూత. గ్లాసు పొడిగా ఉంటే కిటికీలు తెరుపు. చలికాలంలో పొడిగాలి వీచే రోజుల్లో గ్లాసు తరచు పొడిగానే ఉండేది. జూలై, ఆగస్టుల్లో మాత్రం మంచుగడ్డ పెట్టినట్టు చెమర్చేది. ఆ నెలల్లో కిటికీలు మూసి, గాలిలోని చెమ్మను పీల్చే చిన్న యంత్రం ఒకటి నడుపుతున్నాము. మొదటి రోజున దాని తొట్టిలో రెండు లీటర్ల నీళ్లు చేరేసరికి మనవడు గుడ్లప్పగించి చూశాడు.

2022 వేసవి నాటికి గోడ బాగా ఆరింది. అప్పుడు మేస్త్రి చేత సిమెంటు కలపకుండా, సున్నమూ ఇసుకా కలిపి పూత వేయించాము. పైన వెల్ల. మళ్లీ గది తెల్లగా, శుభ్రంగా తయారయింది. నాకు ఆత్రం పట్టలేదు. "ఇక బల్లలు చేయించనా?" అన్నాను.

మనవడు తల అడ్డంగా ఊపాడు. "వద్దు పెద్ద తాతయ్యా. ఒక వానాకాలం చూద్దాం. గది ఖాళీగానే ఉండనీ" అన్నాడు.

పదకొండేళ్ల కుర్రవాడు ఆ మాట అన్నాడు! బొమ్మ రైలు పెట్టెలో ఉండగా, గది సిద్ధంగా ఉండగా, ఆరు నెలలు ఆగుదామన్నాడు. డెబ్బై ఏళ్లవాణ్ని నాకు తోచలేదు. ఆ వానాకాలమంతా వారానికొకసారి గోడ మీద చెయ్యి వేసి చూసి, పుస్తకంలో వ్రాసుకున్నాడు. జూన్, పొడి. జూలై, మూలన కొంచెం చల్లన. ఆగస్టు, పొడి. గట్టి వాన పడినప్పుడల్లా గొడుగు వేసుకుని ముంగిలిలోకి పరుగెత్తి, కాలువలో నీరు ఎటు పోతున్నదో చూసి వచ్చేవాడు. ఒకసారి ఆకులు అడ్డుపడి నీరు నిలిస్తే తీసేశాడు. అక్టోబరు చివర పుస్తకం నా చేతికి ఇచ్చి, "ఇప్పుడు చేయించండి" అన్నాడు.

ఇక లోపలి పని. ముందు ఎలక్ట్రీషియను వచ్చాడు. బొమ్మ రైలు నడిచేది 12 వోల్టుల విద్యుత్తుతోనే. చేతికి తగిలినా భయం లేదు. కాని ట్రాన్స్‌ఫార్మరును తగిలించే గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. చెమ్మగల గదిలో దానితో చెలగాటం ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ప్లగ్గులన్నీ నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టించాము. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినా తటాలున కట్టేసే మీట కూడా అమర్చాము. పిల్లలూ, మీరెంత తెలివిగలవారైనా ఈ పని మాత్రం పని తెలిసినవాడికే వదలండి.

తరువాత లెక్క. మా బొమ్మ రైలు అసలు రైలులో 87వ వంతు. విశాఖ నుంచి అరకు సుమారు 130 కిలోమీటర్లు. దాన్ని 87తో భాగించండి. ఒకటిన్నర కిలోమీటరు పట్టాలు కావాలి! మా గది చుట్టుకొలత 50 అడుగులు, అంటే 15 మీటర్లు. కావలసిన దానిలో నూరో వంతు. శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లను కూడా భాగించి చూడండి. పదకొండున్నర మీటర్లు వస్తుంది. అంటే స్టేషను మా ఇంటి కప్పు దాటి ఆకాశంలో ఉండాలి! అందుకని మొత్తం దారి వద్దనుకుని, మూడు సొరంగాలు, ఒక వంతెన, ఒక్క శిమిలిగుడ చాలుననుకున్నాము. మరొక చిక్కు. బజారులో దొరికే ఈ కొలత పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ పట్టాల లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దాని ప్రకారమైతే 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. "తాతయ్య కొన్న పట్టాలే ఉండనీండి" అన్నాడు మనవడు. అలాగే ఉంచాము.

బల్లల సంగతిలో మూడు నియమాలు పెట్టుకున్నాము. ఒకటి, వెడల్పు రెండడుగులకు మించకూడదు. ఎందుకంటే బండి పట్టాలు తప్పితే చెయ్యి చాచి అందుకోవాలి. రెండు, పట్టాలు ఎక్కే వాలు 50కి ఒకటి కంటె ఎక్కువ ఉండకూడదు. 8 సెంటీమీటర్లు ఎక్కాలంటే 4 మీటర్ల దారి కావాలి. అందుకు మా పొడుగాటి గోడ సరిగ్గా సరిపోయింది. మూడు, బల్ల ఏ గోడకూ ఆనకూడదు. జానెడు ఎడం ఉండాలి. అలా అయితే గోడకు గాలి తగులుతుంది. చెదలు మట్టి గూడు కట్టుకుని వస్తే మన కంట పడుతుంది. కాళ్ల కింద రాతి పలకలు కూడా పెట్టించాము. తలుపు ఎదుట ఉన్న ముక్కను మాత్రం తీసి పెట్టుకోవచ్చు. లేకపోతే నావంటి ముసలివాడు బల్ల కింద దూరి రావలసి వస్తుంది!

2023 సంక్రాంతికి రైలు నడిచింది. గ్యాంగుమన్ గారిని పిలిచాము. మనవడు మళ్లీ కట్టిన శిమిలిగుడ ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. స్టేషను కొత్తదే గాని, పసుపుపచ్చని పేరు పలక మాత్రం పాతదే. తుఫాను నాడు వాడు ఏరుకుని పైకి తీసుకుపోయినది. దాని ఒక మూల ఇప్పటికీ నీటి మరక ఉన్నది. "మార్చవా?" అని అడిగితే వద్దన్నాడు.

సొరంగం పక్కన కొండకు కట్టిన చిన్న గోడకు వరుసగా సూదిమొనంత కన్నాలు ఉన్నాయి. ముసలాయన వంగి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ఇది కట్టినోడికి పని తెలుసండీ" అన్నాడు. మనవడి ముఖం చూడాలి ఆ వేళ!

పిల్లలూ, మీ ఇంట్లో కూడా పాత గది ఏదైనా ఉండవచ్చు. అందులో రైలే పెట్టనక్కరలేదు. పుస్తకాలు పెట్టుకుంటారో, బొమ్మలు గీసుకుంటారో మీ ఇష్టం. ఏది పెట్టినా, రంగు డబ్బా కొనడానికి ముందు ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉన్నవారిని అడగండి. ఒక వాన రోజున గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరిగి, నీరు ఎక్కడ పడి ఎటు పోతున్నదో చూడండి. ఈ రెండు పనులకూ డబ్బు ఖర్చు లేదు. నేను చేయనివి ఆ రెండే.

ఇప్పుడు మనవడు బడికి వెళ్లివస్తున్నాడు. రైలు ఆదివారాలే నడుస్తుంది. వాన మొదలయిందంటే మాత్రం ఏ రోజైనా సరే, పుస్తకం మూసి, గొడుగు తీసుకుని ముందు ముంగిలిలోకి పోతాడు. కాలువ చూసుకున్న తరువాతే లోపలికి వస్తాడు.